ఓబులేసు అనే పేరు ఎక్కడిది? ఇప్పుడు పిల్లలకు పెట్టొచ్చా?

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకు తెలియాలి కదా. అడిగినాయన తాతగారి పేరు ఓబులేసు. తాత పోయాక ఇంట్లో మగబిడ్డ పుట్టాడు, ఆ పేరే పెట్టుకోవాలని ఈయనకు ఉంది. భార్యది కోస్తా, ఈ పేరు ఆమె ఎప్పుడూ వినలేదు. బంధువుల్లో ఒకరు "అర్థం పర్థం లేని పల్లెటూరి పేరు" అన్నారు, ఇంకొకరు "ఓం, బలేశుడు కలిపితే వచ్చింది" అన్నారు. అసలు ఇది ఎక్కడ పుట్టింది, ఎవరు పెట్టుకుంటారు, ఇప్పుడు పెడితే బాబు పెద్దయ్యాక ఇబ్బంది పడతాడా అని అడిగారు.

సూటిగా చెప్తున్నాను. ఓబులేసు అంటే అహోబిలం నరసింహస్వామి. అహోబలేశ్వరుడు అనే పేరు సీమ జనం నోట్లో నలిగి నలిగి ఓబులేసు అయింది. అర్థం లేని పేరు కాదు, మొరటు పేరు అంతకన్నా కాదు. పాత కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో అరవై దాటిన వాళ్ళలో ఈ పేరు ఊరూరా వినిపిస్తుంది. బడికి వెళ్ళే పిల్లల్లో మాత్రం చాలా అరుదైపోయింది. నన్ను అడిగితే పెట్టండి అంటాను. కాకపోతే కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి, అవి చివర్లో చెప్తాను.

నేను సీమలో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను. హాజరు పట్టీలు, అడ్మిషన్ రిజిస్టర్లు, పదో తరగతి నామినల్ రోల్స్ రాసీ రాసీ పేర్ల మీద ఒక రకమైన పిచ్చి పట్టుకుంది. దానికితోడు ఊళ్ళ చరిత్రలూ శాసనాల పుస్తకాలూ చదివే అలవాటు. అందుకే జవాబు కొంచెం పొడవవుతుంది, ఓపిక పట్టండి.

పేరు ఎలా మారిందంటే

క్షేత్రం పేరు రెండు రకాలుగా వాడుకలో ఉంది: అహోబలం, అహోబిలం. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన స్వామి ఉగ్రరూపం చూసి దేవతలు "అహో బలం!" అన్నారని ఒక కథ, స్వామి వెలసిన గుహను బట్టి "అహో బిలం" అయిందని ఇంకో కథ. ఇప్పుడు బోర్డుల మీదా బస్సుల మీదా అహోబిలమే కనిపిస్తుంది, పాత కావ్యాల్లో, శాసనాల్లో మాత్రం అహోబలమే ఎక్కువ. మన పేరు వచ్చింది కూడా ఆ అహోబలం నుంచే.

అహోబల అని గబగబా అనండి, మధ్యలో హకారం నిలవదు. అది పోగానే మొదటి అచ్చులు రెండూ కలిసిపోయి ఔబళ అవుతుంది. ఇది నేను ఊహించి చెప్తున్న మెట్టు కాదు. విజయనగర కాలంలో నంద్యాల ఏలిన వంశంలో ఔబళరాజులు ఉన్నారు, అన్నమయ్య కీర్తనల్లో కూడా ఔభళం అన్న రూపం కనిపిస్తుంది. ఔ కాస్త ఓ అయ్యేసరికి ఓబళ. కన్నడంలో ఇప్పటికీ అక్కడే ఆగింది, బళ్ళారి, చిత్రదుర్గం వైపు ఓబళేశ్ అంటారు. మన వైపు ఇంకో అడుగు వేసి ఓబుల అయింది. ఇక చివర్లో ఉన్న "ఈశ్వరుడు" "ఏసు" కావడం మీకు తెలిసిందే: వెంకటేశ్వర్లు వెంకటేసు, మల్లేశ్వరుడు మల్లేసు, నాగేశ్వరుడు నాగేసు. అదే దారిలో ఓబులేశ్వరుడు ఓబులేసు.

కాబట్టి ఓంకారానికీ దీనికీ సంబంధం లేదు. ఆ బంధువు మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు, కానీ ఔబళ అనే మధ్య రూపం కళ్ళ ముందు ఉండగా కొత్త వ్యుత్పత్తి అల్లుకోవాల్సిన పని లేదు.

ఇదే పేరుకు ఎన్ని రూపాలో చూడండి. అహోబలం, అహోబలరావు, అహోబలశాస్త్రి, అహోబలపతి, ఔబళం, ఓబులేసు, ఓబులపతి, ఓబుల్ రెడ్డి, ఓబులయ్య, ఓబయ్య, ఓబన్న. ఆడవాళ్ళకు ఓబులమ్మ, ఓబమ్మ. ఇవన్నీ ఒకే దేవుడి పేర్లు. తేడా అల్లా ఎవరి పేరు ఎవరు రాశారన్న దగ్గరే. చదువుకున్న ఇళ్ళలో, కరణాల ఇళ్ళలో పేరు సంస్కృత రూపంలోనే కాగితం ఎక్కింది: అహోబలరావు. పొలం పనికి పోయే ఇంటి పిల్లవాడి పేరు బడిలో పంతులు చెవికి ఎలా వినబడితే అలా రాశాడు: ఓబులేసు. ఇద్దరి తల్లులూ మొక్కింది ఒకే కొండకు. "పల్లెటూరి పేరు" అనే మాట విన్నప్పుడు నాకు బాధ కలిగేది ఇందుకే. అహోబల్ అని పెడితే "ఎంత బావుందో" అనేవాళ్ళే ఓబులేసు అనగానే మొహం చిట్లిస్తారు.

ఇది ఒక కులం పేరు అని కూడా కొందరు అనుకుంటారు, కాదు. నా రిజిస్టర్లలో రెడ్డి పిల్లలు, బోయ పిల్లలు, మాల మాదిగ పిల్లలు, వడ్డెర పిల్లలు, బలిజ పిల్లలు, అందరిలో ఈ పేరు చూశాను.

అంతగా ఎందుకు పాకిందంటే

అహోబిలం ఇప్పుడు నంద్యాల జిల్లా ఆళ్ళగడ్డ మండలంలో ఉంది. నల్లమల అడవిలో తొమ్మిది చోట్ల తొమ్మిది నరసింహ రూపాలు. తమిళ వైష్ణవ భక్తకవులైన పన్నెండుమంది ఆళ్వార్లలో తిరుమంగై ఆళ్వార్ ఈ కొండను పాడాడు, అందుకే వాళ్ళు పాడిన నూట ఎనిమిది విష్ణు క్షేత్రాల్లో, అంటే దివ్యదేశాల్లో చేరింది. పధ్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి అహోబిలానికీ శ్రీశైలానికీ మెట్లు కట్టించాడు. ఆయన ఆస్థానంలోని ఎర్రన నృసింహపురాణం రాసి ఈ స్వామికే అంకితమిచ్చాడు. తర్వాత అహోబిల మఠం వచ్చింది, దాని మొదటి యతి ఆదివన్ శఠకోప స్వామి దగ్గరే అన్నమయ్య వేదాంతం చదివాడని సంప్రదాయం. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర రోజుల్లో వచ్చి స్వామికి నగలు సమర్పించినట్టు శాసనం ఉంది.

ఇదంతా రాజులూ పండితుల వైపు కథ. మామూలు జనంలోకి పేరు దిగడానికి అసలు కారణం నా దృష్టిలో ఇది కాదు, పార్వేట అనే ఉత్సవం.

సంక్రాంతి అయిన మర్నాడు, కనుమ రోజున, ఉత్సవ విగ్రహాలు పల్లకీలో అహోబిలం దాటి బయటికి వస్తాయి. దాదాపు నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్ళు తిరిగి, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాల నాటికి గుడికి చేరతాయి. చెంచులక్ష్మితో తన పెళ్ళికి రమ్మని స్వామే ఇంటింటికీ వచ్చి పిలుస్తాడని జనం నమ్మకం. చెంచులైతే ఆయన్ను తమ ఆడపడుచును చేసుకున్నవాడిగానే చూస్తారు, వాళ్ళ నోట దేవుడి పేరే ఓబులేసుడు. పార్వేట మొదలయ్యే రోజు చెంచులు పల్లకీ వైపు బాణాలు వేసే తంతు ఉంటుంది, చూసి తీరాలి.

పల్లకీ ఊళ్ళోకి వచ్చే రోజు ఎలా ఉంటుందో ఒక్కసారి చెప్పనివ్వండి. స్వామి కూర్చోవడానికి ఊరి మధ్యలో అరుగు ఉంటుంది, దాన్ని తెలుపు అంటారు. పొద్దున్నే దానికి సున్నం వేసి, చుట్టూ పేడనీళ్ళు చల్లి ముగ్గులు పెడతారు. పొరుగూళ్ళలో ఇచ్చిన ఆడబిడ్డలు పిల్లల్ని చంకనేసుకుని పుట్టింటికి వస్తారు. బోయీలు పల్లకీ దించగానే తల్లులు చంటిబిడ్డల్ని ముందుకు పట్టుకుంటారు. ఆ గుంపులో ఎవరో ఒకరు "మా వానికి స్వామి పేరే పెట్టుకున్యాం" అని పక్కనామెకు చెప్తుంటారు. దేవుడు ఏడాదికోసారి నడిచి గుమ్మం దాకా వచ్చే ప్రాంతంలో, ఆయన్ను గర్భగుడిలోని సంస్కృత నామంతో పిలవరు కదా, ఇంట్లో మనిషిని పిలిచినట్టే పిలుస్తారు.

ఇంకో కారణం మొక్కులు. పుట్టిన బిడ్డలు దక్కని రోజుల్లో "ఈసారి నిలబడితే నీ పేరే పెడతాం" అని మొక్కుకునేవాళ్ళు. అందుకే ఒకే ఇంట్లో పెద్ద ఓబులేసు, చిన్న ఓబులేసు ఇద్దరూ కనబడతారు. అన్నదమ్ములిద్దరికీ ఒకే పేరేమిటని బయటివాళ్ళు ఆశ్చర్యపోతారు, మాకది మామూలే. కాగితాల్లో కూడా అలాగే రాసేవాళ్ళం: పి.ఓబులేసు, సి.ఓబులేసు. ఆ పొట్టి అక్షరం ఇంటిపేరు అనుకుని తర్వాత ఆఫీసుల్లో పడ్డ తిప్పలు వేరే కథ.

ఈ పేరున్న పెద్దవాళ్ళు

అడిగారు కాబట్టి చెప్తున్నాను, లేకపోయినా చెప్పేవాణ్ణే. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడ్డప్పుడు ఆయన పక్కన నిలిచిన వీరుడు వడ్డె ఓబన్న. కంపెనీ వాళ్ళు నరసింహారెడ్డిని 1847లో కోయిలకుంట్లలో ఉరి తీశారు. ఓబన్న జయంతిని ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జనవరి 11న జరుపుతోంది. ఇందులో నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల అన్నీ అహోబిలం చుట్టుపక్కల సీమే. పాలెగాడి పేరు నరసింహ, వెంట ఉన్న వడ్డెర వీరుడి పేరు ఓబన్న. ఇద్దరిదీ ఒకే స్వామి పేరు.

కన్నడ దేశంలో చిత్రదుర్గం నాయకుల్లో ఓబణ్ణ నాయకుడు ఉన్నాడు, పదహారో శతాబ్దం చివరివాడు. అదే కోటలో, పద్దెనిమిదో శతాబ్దంలో, హైదర్ అలీ సైనికులు కొండ సందులోంచి ఒక్కొక్కరే దూరుతుంటే రోకలితో ఎదుర్కొన్న ఓబవ్వ కథ కర్ణాటకలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఒనకె ఓబవ్వ అంటారు, ఒనకె అంటే రోకలే. పండితుల్లో పదిహేడో శతాబ్దపు సంగీత శాస్త్రకారుడు అహోబల పండితుడు, మన రోజులకు దగ్గరగా అనంతపురం వైపు సాహిత్య చరిత్ర రాసిన కల్లూరు అహోబలరావు, వ్యాపార రంగంలో పి. ఓబుల్ రెడ్డి. మీ బంధువులకు ఈ పేర్లు వినిపించండి.

ఊళ్ళ పేర్లలో కూడా ఈయనే: ఓబులదేవరచెరువు, ఓబులవారిపల్లె, ఓబుళాపురం. మ్యాపు తీసి చూస్తే ఇవన్నీ సీమలోనూ దాని అంచునా తగులుతాయి.

మరి కోస్తాలో ఎందుకు వినబడదు?

మీ భార్యగారు వినకపోవడంలో వింతేమీ లేదు. తెలుగువాళ్ళు నరసింహుణ్ణి నరసింహుడిగా కన్నా తమ కొండ పేరుతోనే ఎక్కువ పిలుచుకున్నారు. ఉత్తరాంధ్రలో ఆయన సింహాద్రి అప్పన్న, కాబట్టి అక్కడ అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, సింహాచలం అనే పేర్లు. తెలంగాణలో యాదగిరిగుట్ట ఉంది, కాబట్టి యాదగిరి, యాదయ్య. నెల్లూరు వైపు పెంచలకోన, అందుకని పెంచలయ్య, పెంచలమ్మ. కదిరి చుట్టూ కదిరప్ప. నల్లమలకు ఇవతల ఓబులేసు. ఒక మనిషి పేరు వినగానే ఏ జిల్లావాడో చెప్పగలిగే రోజులుండేవి, ఈ పేర్ల పుణ్యమే అది. ఆమె పుట్టింటి వైపు తాతల్లో అప్పలస్వామో పెంచలయ్యో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. "మీ తాత పేరూ మా తాత పేరూ ఒకటే" అని చెప్పి చూడండి. వాదన కంటే ఆ మాట బాగా పనిచేస్తుందని నా నమ్మకం.

ఎప్పుడు, ఎందుకు తగ్గింది

నా దగ్గర లెక్కలు లేవు, రిజిస్టర్లలో చూసిందే చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏ క్లాసులో చూసినా ఒక ఓబులేసు ఉండేవాడు. కొన్నాళ్ళకు వాళ్ళే పిల్లల్ని బడిలో చేర్చడానికి వచ్చారు, అప్పుడు ఆ పేరు తండ్రి పేరు కాలమ్‌లోకి జరిగింది, పిల్లల పేర్లు మహేష్, సురేష్, రాజేష్. నేను దిగిపోయే నాటికి తండ్రుల కాలమ్‌లోనూ మహేష్‌లే, ఓబులేసు ఎక్కడన్నా కనిపిస్తే తాతల సంతకాల దగ్గర. మూడు తరాల్లో ఒక కాలమ్ నుంచి ఇంకో కాలమ్‌కు జరుగుతూ పేజీ బయటికి వెళ్ళిపోయింది.

కారణాలు చాలా ఉన్నాయి. బిడ్డలు పుట్టి దక్కకపోవడం తగ్గింది, దాంతో మొక్కు పేర్లూ తగ్గాయి, అది మంచిదే. సినిమాల పేర్లు వచ్చాయి. జాతకం చూసి ఫలానా అక్షరంతో పెట్టాలనే పట్టింపు పల్లెల్లోకీ వచ్చింది. అన్నిటికన్నా నాకు కష్టం అనిపించేది, ఫ్యాక్షన్ సినిమాల్లో కత్తి పట్టిన ప్రతివాడికీ సీమ పేరే పెట్టడం. ఓబుల్ రెడ్డి అనగానే సుమోలు గుర్తొచ్చేలా చేశారు. ఆ సినిమాల తర్వాత కాలేజీలకు వేరే జిల్లాలు వెళ్ళిన మా పిల్లలు కొందరు పేరు చెప్పుకోవడానికి మొహమాటపడ్డారు, ఓబులేసు కాస్తా ఓబుల్, ఓబీ, చివరికి ఇంటిపేరుతో సరిపెట్టుకోవడం దాకా వచ్చింది. శాంతంగా పల్లకీలో ఊరూరూ తిరిగి పెళ్ళికి పిలిచే దేవుడి పేరది.

ఇక మీ బాబు సంగతి

ఇబ్బంది పడతాడా అంటే, చిన్నప్పుడు కొంచెం ఉండొచ్చు. ఇంగ్లీషు మీడియం బళ్ళలో ఒబీస్ (లావుపాటివాడు) అని ఏడిపిస్తారు, ఇది నేను విన్నదే. కానీ క్లాసులో ఆరుగురు ఆర్యన్‌లు ఉన్నచోట ఒక్కడే ఓబులేసు ఉంటే టీచర్లు మొదటి రోజే గుర్తుపెట్టుకుంటారు, అది కూడా నిజమే. తన పేరు వెనక కథ తెలిసిన పిల్లవాడు తడబడకుండా జవాబు చెప్తాడు, తెలియనివాడే సిగ్గుపడతాడు. కాబట్టి పెడితే మాత్రం కథ చెప్పండి, వీలైతే ఒక కనుమకు తీసుకెళ్ళి పార్వేట చూపించండి.

ఏ రూపం పెట్టాలి? తాతగారి మీద ప్రేమతో పెడుతున్నారు కాబట్టి ఆయన రాసుకున్నట్టే ఓబులేసు అని ఉంచండి అంటాను. ఓబులేశ్ అని చివర కత్తిరించేవాళ్ళు ఉన్నారు, తప్పేమీ లేదు, నాకైతే అది తాతగారిలా వినిపించదు. భార్యగారు ఒప్పుకోకపోతే మధ్యేమార్గం అహోబల్ లేదా అహోబలేశ్, పేరు అదే, ఎవరూ మొహం చిట్లించరు. ఆమెను ఒప్పించకుండా మాత్రం పెట్టకండి. రోజుకు వందసార్లు పిలవాల్సింది ఆమె. ఒక్కటి మాత్రం వద్దు: ఓబులేసు నరసింహ అని రెండూ కలపడం. ఒకే పేరు రెండుసార్లు చెప్పినట్టు ఉంటుంది.

కాగితాల విషయం పట్టించుకోండి, ఎందుకంటే ఈ పేరుతో ఎక్కువమంది దెబ్బతిన్నది అక్కడే. తెలుగులో ఓబులేసు, ఓబులేశు, ఓబిలేసు, ఓబుళేసు అని నాలుగు రకాలుగా రాస్తారు, ఇంగ్లీషులో ఇంకా ఎక్కువ. చివర యు ఉంచాలా, ఎస్ తర్వాత హెచ్ రాయాలా అన్నది మొదటి రోజే తేల్చుకుని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. జనన ధ్రువపత్రం, ఆధార్, బడి అడ్మిషన్, మూడింట్లో అక్షరం తేడా లేకుండా చూడండి. పదో తరగతి మెమోలో తప్పు పడ్డాక సరిచేయించడం ఎంత టెన్షనో ఎందరి తండ్రులతోనో తిరిగి చూశాను.

తొందరేమీ లేదు కూడా. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు చేయిస్తే చాలు, పేరు లేకుండానే నమోదవుతుంది. తర్వాత ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆపైన ఆలస్య రుసుము కట్టాలి. కాబట్టి ఇంట్లో అందరూ ఒక మాట మీదికి వచ్చాకే వెళ్ళండి. వెళ్ళినప్పుడు ఇంటిపేరు పొట్టి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించండి, పాస్‌పోర్టు దగ్గర మళ్ళీ మొదటికి రాకుండా ఉంటుంది. స్పెల్లింగ్ గురించి సందేహం ఉంటే ఇక్కడే కింద రాయండి, చూసి చెప్తాను.